క్లచ్ లేని కారు

మా పిన్ని ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దుతుంది. అందరికన్నా ముందు వార్తలన్నీ చదివేస్తుంది కాబట్టి, తెల్లారేసరికి దేనిమీదైనా ఆమె దగ్గర ఒక తీర్పు సిద్ధంగా ఉంటుంది. ఆ తీర్పులు వినాలంటే ఆమె పాత కారెక్కాలి. గేర్లు మారుస్తుంటేనే ఆమెకు నోరు సాగుతుంది. "రోడ్డు వెడల్పు చేస్తే రద్దీ తగ్గుతుందట! బెల్టు వదులు చేస్తే పొట్ట తగ్గుతుందా?" అనేది. "తెల్ల కారు కొనేవాడు పెళ్లి కూడా పక్కింటివాణ్ణి అడిగే చేసుకుని ఉంటాడు" అనేది. ఎక్కడో యుద్ధం మొదలైతే, "రివర్స్ గేరు ఇంట్లో వదిలేసి బయల్దేరారు ఇద్దరూ" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

నిరుడు ఆమె ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. మూడు నెలలు క్లచ్ తొక్కొద్దన్నాడు డాక్టరు. చేతికర్రతో ఇంకా నడక నేర్చుకుంటుండగానే, బాబాయి క్లచ్ లేని కొత్త కారు తెచ్చి గేటు ముందు నిలబెట్టాడు. పాతదాన్ని చూడ్డానికి ఆదివారం ఒకాయన వస్తాడని కూడా చెప్పాడు.

"అదీ ఒక కారేనా? కుర్చీకి చక్రాలు పెట్టారు. నేను చచ్చినా ఎక్కను," అంది పిన్ని కిటికీలోంచే.

ఆదివారం వచ్చినాయనది కళ్లద్దాల షాపు. నడిపి చూస్తానని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. గేటు దాటకముందే గేరు కర్రుమంది. ఆ చప్పుడుకి పిన్ని కర్ర టకటకలాడించుకుంటూ వీధిలోకి వచ్చేసింది.

"దిగండి. గేరు వెయ్యమంటే పన్ను పీకుతున్నారేంటి?"

ఆయన పక్క సీట్లోకి జరిగాడు. బాబాయి వద్దు వద్దంటూనే, అప్పటికే వెనక సీటెక్కిన నా పక్కన కూలబడ్డాడు.

వంతెన ఎక్కే చోట ఎర్రదీపం పడింది. ఎత్తు మీద ఆగాం. పచ్చదీపం కోసం చూస్తుండగానే కారు కొంచెం వెనక్కి జారింది. వెనకున్న వ్యాను హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

"హారన్ మోగిస్తే పచ్చబడ్డానికి అదేమన్నా ఆటబొమ్మా?" అని గొణిగి, పిన్ని హ్యాండ్‌బ్రేక్ లాగింది. పళ్లు బిగించి క్లచ్ తొక్కింది. ఆమె మెడ మీద చెమట నాకు కనిపిస్తోంది. దీపం మారగానే కారు ఏ కుదుపూ లేకుండా ఎత్తెక్కింది.

కళ్లద్దాలాయన గట్టిగా ఊపిరి వదిలాడు. "అమ్మా, ఇంతకీ దీన్ని అమ్ముతున్నారా?"

"లేదు," అంది పిన్ని.

ఇంటికి వచ్చేసరికి మోకాలు గుమ్మడికాయైంది. బాబాయి ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెడుతుంటే ఆమె ఆజ్ఞ జారీ చేసింది. "ఆ కుర్చీని రేపే తిరిగిచ్చేయండి. నాకక్కర్లేదు."

"ఇవ్వను," అన్నాడు బాబాయి.

ఆ ఇంట్లో ఆ మాట ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. పిన్ని కూడా అంతకుముందు విన్నట్టు లేదు.

"నీకోసం కొన్నాననుకున్నావా? నాకోసం కొనుక్కున్నాను. నువ్వు మంచం మీద ఉన్నన్నాళ్లూ పొద్దున్నే వెళ్లి నడపడం నేర్చుకున్నాను. ఇన్నేళ్లు నీ పక్కన కూర్చుని వినీ వినీ నాకూ అభిప్రాయాలు పేరుకుపోయాయే. వాటిని ఎక్కడ దింపుకోను?"

"మరి నా కారెందుకు అమ్మబోయారు?"

"షెడ్డు ఒక్కటే కదా అని. అడక్కపోవడం తప్పే. నీది షెడ్డులోనే ఉండనీ, నాది వీధిలో ఉంటుంది. కానీ మళ్లీ దాన్ని కుర్చీ అన్నావంటే ఊరుకోను."



మర్నాడు వ్యాయామం చేయించే డాక్టరమ్మ దగ్గరికి బాబాయే తీసుకెళ్లాడు. చచ్చినా ఎక్కనన్న పిన్ని, కాలు కదలక ఎక్కింది. నడిరోడ్డున నత్తనడక. సైకిళ్లు కూడా మమ్మల్ని దాటిపోతున్నాయి. ఆమె నోరు తెరిచినప్పుడల్లా ఆయనే అందుకున్నాడు. పెట్రోలు ధర, ఎన్నికలు, గుంతలు, దేన్నీ వదల్లేదు. చివరికి, "నిన్న మీ పేపరు మొదటి పేజీలో అచ్చుతప్పు ఉంది, చూశావా?" అని కూడా అనేశాడు.

"మోకాలు ఎలా ఉందండీ?" అని అడిగింది డాక్టరమ్మ.

"మోకాలికేం, నిక్షేపంగా ఉంది. దవడలే పట్టేశాయి," అంది పిన్ని.

మూడు నెలలు గడిచాక ఆమె మళ్లీ క్లచ్ తొక్కింది. ఇప్పుడు పెళ్లికైనా పరామర్శకైనా ఆ ఇంటి నుంచి రెండు కార్లు బయల్దేరతాయి. నేను ఎవరి కారెక్కినా, రెండోవాళ్లు ఆ పూటంతా నాతో మాట్లాడరు.