క్లబ్బు ఇల్లు

పెట్రోలు బంకులో కొన్న ఐసు సంచీని వంటింటి గట్టుకేసి రెండు దెబ్బలు కొట్టి, ముక్కల్ని రెండు తువ్వాళ్ళలో మూటగట్టి, రెండు మోకాళ్ళ మీదా పెట్టుకుని టిబ్స్ కుర్చీలో వెనక్కి వాలాడు. కాళ్ళకు ఎదురుగా ఇంకో కుర్చీ. ఆ కుర్చీ దాటి కూడా పాదాలు గాల్లోనే ఉన్నాయి. ఎడమ మోకాలి మీద రెండు కోతల గుర్తులు, కుడిదాని మీద ఒకటి. పొద్దున్నే ఈ సేవ జరగకపోతే అవి మెట్లెక్కవు. ఒళ్ళో గిన్నె పెట్టుకుని ఓట్సు గంజి తాగుతూ, చల్లదనం ఎముక దాకా దిగి నొప్పి మొద్దుబారేదాకా ఓర్చుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి సీసం ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడుతోంది. ఉత్తరపు గాలి అప్పుడే వేడెక్కింది. ఆస్ట్రేలియాలో జనవరి అంటే నడి ఎండాకాలం, పోర్ట్ హారన్ ఊరు పొయ్యి మీద పెట్టిన పెనం.

మూటలు విప్పి సింకులో పడేసి చిన్న గదిలోకి వెళ్ళాడు. తలుపు కమ్మీ తగలకుండా తల వంచడం ఇప్పుడు ఆలోచించి చేసే పని కాదు. ఇవాళ శుక్రవారం. పొట్టి మంచం మీది దుప్పటి తీసి ఉతికిన దుప్పటి పరిచాడు. మూలలు బిగించి మడవడం వాళ్ళమ్మ నేర్పింది, అమెరికాలో, ఆర్కాన్సాలో, ఆవిడ ఇంకొకళ్ళ ఇళ్ళలో పక్కలు వేసే రోజుల్లో. సాయంత్రం కూతురు టెగన్ వస్తుంది. ఆదివారం దాకా ఉంటుంది. ఈ ఏడే బడిలో వేయాలి దాన్ని.

టెగన్ తల్లి లినెట్‌తో పెళ్ళి కాలేదు. మూడేళ్ళు కలిసి ఉండి విడిపోయారు. విడిపోయేటప్పుడు ఆమె ఒకే మాట అంది. "దానికంటూ ఒక గది, ఒక మంచం ఉంటే వారం వారం పంపిస్తాను వెర్న్. సోఫా మీద పడుకోబెడితే మాత్రం పంపను." వెర్న్ అని పిలిచేది ఈ ఊళ్ళో ఆమె ఒక్కతే. మిగతావాళ్ళందరికీ టిబ్సీ. ఇక్కడ మనిషి నచ్చితే పేరు తోక కత్తిరించి ఇంకో తోక అతికిస్తారు.

బాస్కెట్‌బాల్ క్లబ్బు ఇచ్చిన ఇంట్లో పిల్లకి గది ఉంది, మంచం ఉంది. లేనిదల్లా భరోసా. ఏటా సీజను ముగిశాక క్లబ్బు మళ్ళీ కావాలంటేనే అతను ఈ దేశంలో ఉండాలి. వద్దంటే విమానం ఎక్కాలి. ఏడు సీజన్లుగా సెప్టెంబరు వచ్చిందంటే ఫోను పక్కన కాపలా. ఇవాళ పౌరసత్వ ప్రమాణం చేస్తే ఆ కాపలా తీరిపోతుంది.

ప్రౌస్ ఫర్నిచర్ అంగడిలో పొద్దున ఒక సోఫా, రెండు పరుపులు బండికెక్కించాడు. ఆటగాడికి ఉద్యోగం కూడా చూపించడం క్లబ్బు పద్ధతి. అంగడి యజమాని, క్లబ్బు అధ్యక్షుడు ఒకడే, నెవిల్ ప్రౌస్, ఊరందరికీ నెవ్. పొట్టిగా, ఎర్రటి మెడతో, ఎప్పుడూ చెక్క పాలిష్ వాసన వేస్తూ ఉంటాడు. ఇటలీ నుంచి తోలు సోఫాలు తెప్పించినట్టే అమెరికా నుంచి ఆటగాళ్ళను తెప్పించాడు. జనం కూడా వాళ్ళను ఇంపోర్టులనే అంటారు. పెట్టెలో గడ్డి మధ్య పెట్టి పంపించినట్టు.

"ఒరే టిబ్సీ, ఇవాళైనా సూటేసుకు రావచ్చుగా! రాణీగారికి మాటివ్వబోతూ సోఫాలు మోసే చొక్కానా?"

"రాణీగారు వస్తున్నారేంటి?"

"ఆవిడ రాదు, ఫోటో వస్తుంది. ఫోటోకైనా పరువుండాలి కదరా."

సూటు బండిలోనే ఉందన్నాడు టిబ్స్. నెవ్ పడీపడీ నవ్వి అతని మోచేతి మీద కొట్టాడు. భుజం మీద కొట్టాలంటే నెవ్‌కి స్టూలు కావాలి.

కిందటి చలికాలంలో ఈ మాట ఎత్తింది నెవ్వే. ఓడిపోయిన మ్యాచి తర్వాత, బట్టలు మార్చుకునే గదిలో, పక్కన బల్ల మీద చతికిలబడి చెప్పాడు. "జట్టుకి ఇద్దరే ఇంపోర్టులు, అంతే కదా రూలు. నువ్వు మా పౌరుడివైపోయావనుకో, ఆ లెక్కలోంచి బయటికొచ్చేస్తావు. నీ చోట్లో ఇంకో పొడుగాటివాణ్ణి తెచ్చుకుంటాం. నువ్వూ ఉంటావు, వాడూ ఉంటాడు. ఇంక నిన్ను పొమ్మనే మొనగాడెవడ్రా?" ఆ ఆఖరి మాటే టిబ్స్ చెవిలో పడింది. ముందున్నవన్నీ ఆటకు సంబంధించిన సంగతులు. ముప్ఫయి అయిదేళ్ళు వచ్చాయి, ఎగిరితే నేల విడిచానో లేదో తనకే తెలియడం లేదు. పక్కన ఒక కుర్రాడుంటే మంచిదే. ఎన్నాళ్ళు ఉండనిస్తారని అడిగాడు గానీ ఎక్కడ ఉండనిస్తారని అడగాలని తట్టలేదు.

టౌన్‌హాల్లో అయిదారుగురు నిలబడ్డారు. ఫ్యాక్టరీలో పనిచేసే క్రొయేషియా వాళ్ళు ఇద్దరు, చేపల పడవ గ్రీకు ముసలాయన, ఫిలిప్పీన్స్ నుంచి పెళ్ళయి వచ్చిన ఒక పిల్ల. చివర టిబ్స్, బట్టల కొట్టు ముందు నిలబెట్టిన నిచ్చెనలా. మేయరు చెప్పింది ముక్కముక్కలుగా తిరిగి అన్నారు. ఇతర విధేయతలన్నీ వదులుకొని, అన్నాడు మేయరు. ఇతర విధేయతలన్నీ వదులుకొని, అన్నాడు టిబ్స్. ఆ వదులుకునే వాటిలో ఏమేం ఉన్నాయా అని లోపల ఒకసారి తడుముకున్నాడు. వాళ్ళమ్మ సమాధి ఉంది, పక్కనే పత్తి మిల్లు. ఫోను చేస్తే ఎత్తని తమ్ముడున్నాడు. రెండుసార్లు పెద్ద జట్ల శిబిరాలకు పిలిచి, రెండుసార్లూ వారం తిరక్కుండా సంచీ సర్దుకోమన్న మనుషులున్నారు. వదలడానికి పెద్ద బరువేం అనిపించలేదు. అయినా తర్వాతి ముక్క దగ్గర ఒక్కడే వెనకబడ్డాడు. వెనకాల ఎవరో దగ్గారు. మిగతా ముక్క కూడా అనేశాడు.

చప్పట్లు కొట్టారు. టీ ఇచ్చారు, కొబ్బరి కోరు అద్దిన చాక్లెట్ కేకు ముక్కలు ఇచ్చారు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో పనిచేసే ముసలావిడ అతని చెయ్యి పట్టుకుని ఊపి, "ఇంక మావాడివేలే, రిఫరీని తిట్టినట్టే నిన్నూ తిడతాం," అంది. టిబ్స్ నిజంగానే నవ్వాడు. పొద్దుట్నుంచి అదొక్కటే నవ్వు.

అక్కణ్ణుంచే నెవ్ విమానాశ్రయానికి పంపించాడు. "కొత్త కుర్రాడు దిగుతున్నాడు. కారు నీ దగ్గరే ఉందిగా, తీసుకొచ్చెయ్. ఇద్దరూ ఒక భాష వాళ్ళు." కారు క్లబ్బుది. తలుపు మీద ఎర్ర రంగుతో టిబ్స్ పేరు, దాని కింద అంతకంటే పెద్ద అక్షరాలతో ప్రౌస్ ఫర్నిచర్.

కుర్రాడి పేరు లామంట్. అలబామా. ఇరవై రెండేళ్ళు, టిబ్స్ కంటే బెత్తెడు ఎత్తు. మోకాళ్ళు ఒక్క మచ్చ లేకుండా నున్నగా ఉన్నాయి. టిబ్స్ ముందు చూసింది వాటినే. కారులో మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే కుర్రాడు మొహం మీది ఈగల్ని తోలుకుంటున్నాడు.

"అన్నా, ఈ ఈగలు ఎప్పుడూ ఇంతేనా?"

"మార్చి దాకా. నోరు తెరవకుండా మాట్లాడ్డం నేర్చుకో. ఇక్కడివాళ్ళంతా అలాగే మాట్లాడతారు."

లామంట్ పకపకా నవ్వాడు, ఒక ఈగ నోట్లోకి పోయింది, ఉమ్మేసి మళ్ళీ నవ్వాడు. మంచి కుర్రాడే. అసలు చిక్కు అదే. దారి పక్క ఎండిపోయిన ఉప్పు మడులు చూస్తూ కుర్రాడే అన్నాడు.

"పొడుగు మంచం ఉంటుందని మిస్టర్ ప్రౌస్ ఫోన్లో చెప్పారు. మా అమ్మ అది విని ఏడ్చేసిందన్నా. పుట్టి బుద్ధెరిగాక కాళ్ళు చాపుకుని పడుకోలేదు నేను. సముద్రానికి దగ్గరేనా ఆ ఇల్లు?"

"ఏ ఇల్లు?"

"క్లబ్బు ఇల్లు. ఇల్లూ కారూ ఇస్తామన్నారుగా. కారు ఇది కాదేమోలే, దీనిమీద నీ పేరుంది."

టిబ్స్ గేరు మార్చాడు. మార్చాల్సిన అవసరం లేదు. ఇంజను మూలిగింది. మళ్ళీ పాత గేరే వేశాడు.

కుర్రాణ్ణి సోఫాలు చూస్తూ ఉండమని, నెవ్‌ని అంగడి వెనక గోడౌన్లోకి తీసుకెళ్ళాడు. నెవ్ ఏదీ దాచలేదు. దాచవలసినదేదో ఉన్నట్టే అతనికి తోచలేదు.

"ఇంపోర్టుకి ఇల్లు, కారు. అదిరా ఒప్పందం. ఇవాళ పొద్దుటి నుంచి నువ్వు ఇంపోర్టువి కాదు కదా! మన లోకల్ కుర్రాళ్ళలో ఎవడికైనా ఇల్లిచ్చామా చెప్పు. డానీ లేడూ, వాళ్ళమ్మ దగ్గర ఉంటాడు."

"నాకిక్కడ అమ్మ లేదు నెవ్."

నెవ్ మెడ గోక్కున్నాడు. "అద్దెకు తీసుకో మరి."

"నల్లవాడికి ఈ ఊళ్ళో ఇల్లెవడిస్తాడు? ఏడేళ్ళ కిందట నేనొచ్చినప్పుడు అడిగావుగా నాకోసం, గుర్తుందా? ఒక్కడు తలుపు తీశాడా?"

"అప్పటి మాట వేరు. ఇప్పుడు నిన్ను నెత్తిన పెట్టుకుంటున్నారు."

"నెత్తిన పెట్టుకుంటారు. ఇంట్లో పెట్టుకోరు."

నెవ్ ఒక పరుపు మీది ధర చీటీ సరిచేశాడు. గోడౌన్లో రేకుల కప్పు వేడికి టకటక లాడుతోంది.

"సాయంత్రం పాప వస్తుంది," అన్నాడు టిబ్స్. "నాకోసం కాదు. చిన్న గది దానిది."

"రెండు రోజులు సర్దుకోండి. కుర్రాడికి పొడుగు మంచం ఎటూ కావాలి. నువ్వు చిన్న గదిలో పడుకో."

"పాప?"

నెవ్ కప్పు వైపు చూశాడు. తర్వాత అతని మొహం ఒక్కసారిగా వెలిగింది. "మేడ మీద నలభై మంచాలున్నాయి కదరా! నీకు నచ్చినదాని మీద పడుకో, అద్దె అక్కర్లేదు. పాప వస్తే పాపకీ ఒకటి. ప్లాస్టిక్కు తొడుగులు మాత్రం తియ్యకండి, అమ్ముడుపోవాలిగా."

"ముందు చెప్పచ్చుగా నెవ్. నిలబడి ప్రమాణం చెయ్యకముందు."

"నువ్వడగలేదు కదరా," అన్నాడు నెవ్. మోసం చేసినవాడి గొంతు కాదది. నిజంగా నొచ్చుకున్నవాడి గొంతు. టిబ్స్‌కి కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెట్టుకున్నా లాభం లేదు. నిన్నటి దాకా నచ్చకపోతే అమెరికాలో ఇంటికి పోతానని బెదిరించేందుకు ఒక ఇల్లయినా ఉండేది.

కారు తాళాలు బల్ల మీద పెట్టి నడిచి వెళ్ళాడు. ఊరికి ఆ చివర స్టావ్రోస్ చేపల దుకాణం. శుక్రవారాలు లినెట్ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీకి పోతూ పాపను దించేది అక్కడే. వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు పొట్లం కట్టించుకుని ఇంటికి పోవడం తండ్రీకూతుళ్ళ రివాజు. దుకాణం చేరేసరికి కుడి మోకాలు పొంగి పంట్లాం బిగిసింది.

కారు ఆగీ ఆగకముందే వెనక కిటికీలోంచి ఒక దిండు బయటికొచ్చింది, దాని వెనకాల టెగన్ మొహం. దిండు లేకుండా ఎక్కడికీ కదలదది. టిబ్స్ రెండు చేతులతో అందుకున్నాడు.

"నాన్నా, నువ్వు ఆస్ట్రేలియా అయిపోయావా?"

"అయిపోయానమ్మా."

"ఏం మారలేదే!"

"లోపల మారింది."

లినెట్ అతని వెనకాల చూసింది. కారు లేదు. "నడిచొచ్చావా? ఆ కాళ్ళతోనా? ఏమైంది వెర్న్?"

కిటికీ మీదికి వంగి చెప్పాడు. రెండు మూడు మాటల్లో అయిపోయింది. మేడ మీద మంచాల సంగతి చెప్పినప్పుడు టెగన్ సీట్లోనే గంతేసింది. "నలభయ్యా! నేను కొట్టు ముందు అద్దాల్లో ఉండే మంచం మీద పడుకుంటా. రోడ్డు మీద అందరూ నన్ను చూస్తారు!" లినెట్ నవ్వలేదు. స్టీరింగు మీద వేళ్ళు చూసుకుంటూ ఉంది. బ్లీచింగు నీళ్ళకు తోలు లేచిన వేళ్ళు.

"అడిలైడ్‌లో మా అక్క పనిచేసే ఆస్పత్రిలో పగటి డ్యూటీ ఇస్తామంటున్నారు," అంది. "రెండేళ్ళుగా అంటున్నారు. వారం వారం నీ దగ్గరికొస్తుంది కదా అని కాదంటూ వచ్చాను. రాత్రుళ్ళు దాన్ని పక్కింటివాళ్ళకి అప్పగించి పోతున్నాను వెర్న్. బడి తెరిచేలోగా ఏదో ఒకటి చెప్పాలి వాళ్ళకి."

"గది చూస్తాను. నాకు టైమివ్వు."

"ఈ ఊళ్ళోనా?"

అతను దిండు ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. ఆమె గడియారం చూసుకుంది. డ్యూటీకి ఆలస్యమవుతోంది, ఇవాళ పాపను పక్కింట్లోనే దించాలి. బండి తిప్పింది. టెగన్ వెనక అద్దానికి ముక్కు ఆనించి రెండు చేతులూ ఊపింది, మంచం మీద పడుకునేది రేపనుకుంటూ.

టిబ్స్ ఇంకా దిండు చంకలో పెట్టుకునే ఉండగా స్టావ్రోస్ బయటికొచ్చాడు. "టిబ్సీ, ఎప్పట్లా రెండా?"

"ఒకటి చాలు."

బడి తెరవడానికి ముందు శనివారం, టిబ్స్ గోడౌన్లో ఒక బీరువాను భుజానికెత్తుకుంటున్న వేళ, సామాన్లు కట్టిన లినెట్ కారు అంగడి ముందు నెమ్మదించి రెండుసార్లు హారను కొట్టింది. బీరువా దించి బయటికి వచ్చేసరికి అడిలైడ్ దారి మలుపు తిరిగిపోయింది. ఆ సీజనులో అతను బెంచీ మీద చివర కూర్చున్నాడు. లామంట్ బాగా ఆడాడు. జనం వాడికి లామ్మో అని పేరు పెట్టారు.

అంగడి మేడ మీద, ఇప్పుడు టిబ్స్ పడుకునే, ధర చీటీ వేలాడుతున్న మంచం మీద, ప్లాస్టిక్కు తొడుగు తీయని పరుపు తలాపున టెగన్ దిండు ఉంది. పసుపు బాతుల గలీబు, పాప నిద్రలో నోట్లో పెట్టుకుని నమిలి నమిలి ఒక మూల అట్టకట్టి, అక్కడ దారప్పోగులు బయటికి వచ్చి ఉన్నాయి.