ఆఖరి రోజు గొంతు

ఊళ్లో అతని మొహం తెలియనివాళ్లు ఉంటే ఉండొచ్చు గాని, గొంతు తెలియనివాళ్లు లేరు. మూడు చక్రాల బండి, దాని నెత్తిన రెండు లౌడ్‌స్పీకర్లు, లోపల అతనూ అతని మైకూ. పేరుతో ఎవరికీ పని పడలేదు. "మైకొచ్చాడు", "మైకెళ్లాడు" అనేవాళ్లు, మనిషి గురించి కాదు, సామాను గురించి చెప్పుకున్నట్టు. చిన్నప్పుడు ఏడో తరగతిలో "ఆ గొంతేమిట్రా, గోడలు పగిలేట్టున్నాయి" అని బయట నిలబెట్టారు. బయట నిలబడ్డవాడు మళ్లీ లోపలికి పోలేదు. నెత్తిన సగం వెంట్రుకలు తెల్లబడేదాకా ఆ గొంతే అతనికి కూడు పెట్టింది.

ఆ కూట్లో ఎక్కువ భాగం మంచాల కొట్టుది. "ఈ రోజే ఆఖరు! మళ్లీ రాని అవకాశం! రేపటి నుంచి కొట్టు మూత!" అని ఏళ్ల తరబడి అరిచాడు. కొట్టు మూతపడలేదు సరికదా, పక్క గోడ పగలగొట్టుకుని రెండింతలైంది. అయినా అతను "ఈ రోజే ఆఖరు" అన్నప్పుడల్లా జనం వచ్చారు, మంచాలు మోసుకుపోయారు. తన గొంతులో ఏదో మహిమ ఉందని అతనికి లోలోపల గట్టి నమ్మకం.

అందుకే ఊపిరి తీసే అంటుజబ్బుకు టీకాలు వచ్చినప్పుడు ఆరోగ్యశాఖవాళ్లు అతన్నే పిలిస్తే, ఇంకెవర్ని పిలుస్తారులే అనుకున్నాడు.

టీకాల కేంద్రం పెట్టింది మూతపడ్డ సినిమా హాల్లో. ఒకప్పుడు టికెట్లిచ్చిన కిటికీ వెనక నర్సమ్మ కూర్చుని పేర్లు రాసుకునేది. చిరుతిళ్లు అమ్మిన చోట మందు పెట్టె, దాని పక్కన సూదుల డబ్బా. మొదటి రోజు ఊడ్చేవాళ్లు, హాలు కాపలావాడు, మైకూ, ఇంకొందరు పనివాళ్లు కలిసి వేయించుకున్నారు. అతనికి ఒక రాత్రి జ్వరం, రెండు రోజులు జబ్బ నొప్పి. అంతే.

రెండో రోజు నుంచి హాలు ఖాళీ.

"అక్కలారా, అన్నలారా! ప్రాణాలు కాపాడే టీకా! పూర్తిగా ఉచితం! ఆలస్యం చేస్తే మీకే నష్టం!" అని అతను తేనె పోసినట్టు పలికేకొద్దీ, తలుపులు ఇంకాస్త దగ్గరగా పడేవి. అతనికి కోపం రావాల్సిందే. కోపం అతనికి కొత్త కాదు, పొద్దున లేస్తూనే ఎవరో ఒకరి మీద సిద్ధంగా ఉంటుంది. కానీ ఈసారి కోపం కంటే ముందు ఒక ప్రశ్న పుట్టింది. పడుకోవడానికి మంచం ఉన్నవాడు కూడా ఇంకో మంచం కోసం పరిగెత్తుకొచ్చాడే, చావు తప్పించే సూది ఊరికే ఇస్తామంటే ఎందుకు రాడు?

మైకు కట్టేసి, బండి ఆపి, అడగడం మొదలుపెట్టాడు.

రిటైరైన లెక్కల మాస్టారు మేడ మీద పూలకుండీలకు నీళ్లు పోస్తున్నాడు.

"ముందు అందర్నీ వేయించుకోనీవోయ్. ఏమవుతుందో చూసి నేనూ వేయించుకుంటా."

"అందరూ అదే మాట అంటున్నారు మాస్టారూ. మరి ముందు ఎవరు?"

"ఆ లెక్క నన్నడక్కు. నేను రిటైరయ్యాను."

వెల్డింగాయన కళ్లద్దాలు నుదుటి మీదకు తోసి మండిపడ్డాడు. "నేను రాకపోవడమేంటి బాబాయ్? మొన్న పని ఆపుకుని వచ్చా! సీసాలో పదిమందికి సరిపడే మందు ఉంటుందంట, మూత తీస్తే సాయంత్రంలోగా అయిపోవాలంట, నా ఒక్కడి కోసం తీయదంట. ఇంకో తొమ్మిదిమందిని వెంటేసుకు రమ్మంది మీ నర్సమ్మ. నేనేమన్నా పెళ్లివాణ్ణా, బస్సు మాట్లాడుకుని రావడానికి?"

ఆ సంగతి అప్పటికే వీధంతా పాకింది. రమ్మంటారు, వెళ్తే పొమ్మంటారు అని.

కిరాణా కొట్టు ఆవిడ సూటిగా అడిగింది. "నువ్వేయించుకున్నావా?"

"వేయించుకున్నా."

"నీకు డబ్బులిస్తారు కాబట్టి వేయించుకున్నావ్."

"వేయించుకోకపోయుంటే?"

"నువ్వే వేయించుకోలేదు, మాకెందుకు చెబుతున్నావ్ అని అడిగేదాన్ని."

అతను బండెక్కి చాలాసేపు ఆలోచించాడు. వీళ్లంతా క్యూలో నిలబడ్డవాళ్లే. కాకపోతే ప్రతివాడూ చివర్లోనే నిలబడ్డాడు. మొదలు లేని క్యూ. ఇలాంటిది అతనెక్కడా చూడలేదు.

ఇదంతా ఊరి సంగతి. ఊరు ఎటు పోయినా అతనికి పెద్ద బాధ లేదు, ఊరు అతనికి చేసిన మేలూ పెద్దగా లేదు. అతని బాధంతా అక్క గురించి.

అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. ఇప్పుడు ఒక చిన్న గదిలో బట్టలు ఇస్త్రీ చేసి బతుకుతోంది. పోయినసారి జబ్బు ఊరిమీద పడ్డప్పుడు బావనూ అక్కనూ కలిపి పట్టుకుంది. బావ పోయాడు. అక్క మిగిలింది గాని, మిగిలింది సగం ఊపిరితోనే. ఇంకోసారి వస్తే ఆ ఊపిరితిత్తులు తట్టుకోలేవని డాక్టరు ఆమె లేనప్పుడు అతనికి చెప్పాడు. జబ్బు మళ్లీ పక్క పేటదాకా వచ్చింది.

అతను వెళ్లేసరికి అక్క తడివేలితో ఇస్త్రీ పెట్టె కాలిందో లేదో చూస్తోంది. చుయ్‌మంది. చొక్కా కాలరు మీద పెట్టె నడిపించింది. నాలుగు బట్టలకోసారి బల్ల అంచు పట్టుకుని ఆగుతోంది.

"అక్కా, ఇప్పుడే పోదాం. బండి బయటే ఉంది."

"రోజూ వింటూనే ఉన్నాగా, నీ పాట. 'ఆలస్యం చేస్తే మీకే నష్టం.' ఇంతకుముందు కూడా ఎక్కడో విన్నట్టుంది?"

అతను గుమ్మం బయటి బండి కేసి చూశాడు.

"మంచాల కొట్టు ఇక మూస్తున్నారు, ఈ రోజే ఆఖరు అన్నావ్. తమ్ముడు చెప్పాడు కదా అని, ఉన్నదంతా ఊడ్చి, పరిగెత్తి కొన్నా. తెల్లారి అదే మంచం అంతకంటే చవక. ఆ మంచం ఇప్పటికీ ఉందిరా లోపల. పక్కకి తిరిగితే కిర్రుమంటుంది. కిర్రుమన్నప్పుడల్లా నువ్వే గుర్తొస్తావ్."

"అది వ్యాపారం అక్కా. ఇది ప్రాణం."

"గొంతు ఒకటే కదరా."

పెట్టెను నిలబెట్టి అతని వైపు తిరిగింది. "ఇంకో సంగతి చెప్పు. మీ బావకి ఊపిరి అందనప్పుడు ఎన్ని తలుపులు కొట్టాం? ఒక్కడైనా పలికాడా? ఇప్పుడు బండి కట్టించి, మైకు పెట్టించి, వీధి వీధీ బతిమాలుతున్నారు. ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది?"

ఆ ప్రశ్న అతను తనలో తాను వందసార్లు అడుక్కున్నదే. ఒక చొక్కా మడతపెట్టి ఆమె చేతికిచ్చి బయటికొచ్చాడు.

మర్నాడు పొద్దున అతను హాలు దగ్గరికి చేరేసరికి ఆరోగ్యశాఖ జీపు ఒకటి బయల్దేరుతోంది. మందు పెట్టె దాన్లో ఉంది.

"ఇక్కడ వాడకం లేదని వేరే ఊరికి పట్టుకుపోతున్నారన్నా," అంది నర్సమ్మ, కిటికీ చువ్వలు పట్టుకుని. "నిన్నటిదాకా జనాన్ని ఎందుకు తేలేదని నన్ను తిట్టారు. ఇప్పుడు జనం వస్తే ఏం చెప్పాలని అడిగితే, రానివ్వకు అంటున్నారు. వెళ్లి టీకాలు లేవని చెప్పి రా."

"నిన్నటిదాకా రండి రండి అని, ఇవాళ రావద్దనాలా? నోరా ఇది, కుళాయా?"

"నాకు మాత్రం సరదానా?"

అతనికి ఒళ్లు మండిపోయింది. మైకు తీసుకుని, ముందూ వెనకా ఏ అలంకారం లేకుండా అనేశాడు. "టీకాలు లేవు. జీపులో పట్టుకుపోయారు. మళ్లీ ఎప్పుడొస్తాయో నాకు తెలీదు. రాకండి." వీధి వీధికీ అదే చెప్పి వెనక్కొచ్చాడు.

వచ్చి చూస్తే హాలు ముందు ఇసక వేస్తే రాలనట్టు జనం!

ముందువరసలో లెక్కల మాస్టారు, వెనకే కిరాణా కొట్టు ఆవిడ. వెల్డింగాయన ఈసారి నిజంగానే బస్సుకు సరిపడే మందిని వెంటేసుకొచ్చాడు. "నిన్నటిదాకా ఉన్నవి రాత్రికి రాత్రి ఏమయ్యాయమ్మా? ఏ పెద్దమనుషుల కోసం దాచారు?" అని కిటికీ బాదుతున్నారు. నర్సమ్మ ఖాళీ బల్ల చూపించినా నమ్మడం లేదు.

"మాస్టారూ, అందరూ వేయించుకున్నాక వస్తానన్నారు?"

"లేదన్నావంటే ఎక్కడో ఉన్నట్టే కదోయ్!" అన్నాడు మాస్టారు.

అతను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. అప్పుడు కనబడింది అక్క. గుంపుకు ఎడంగా, పాత పోస్టరు గోడకు చేరబడి, ఆయాసపడుతూ.

"రమ్మని కాళ్లు పట్టుకుంటే రాలేదు. ఇవాళ వద్దంటే వచ్చావా? నువ్వూ వీళ్ల బాపతేనా అక్కా?"

"వీళ్ల సంగతి నాకు తెలీదురా." ఊపిరి కూడదీసుకుంది. "నీకు అబద్ధమాడేటప్పుడు గొంతు తియ్యగా అవుతుంది. చిన్నప్పట్నించీ అంతే. చక్కెర డబ్బా ఖాళీ చేసి 'నేను కాదక్కా' అనేవాడివి, ఆ చక్కెరంతా గొంతులోనే ఉండేది. మొన్నటిదాకా టీకాల మాటా అట్లాగే ఉంది. ఇవాళ బొంగురుగా, విసుగ్గా అరిచావ్. ఇన్నేళ్లకి మైకులో నిజం చెప్పాడే అనుకున్నా. లేకుండా పోయిందన్నది నిజమైతే, ఉందన్నదీ నిజమే అయుండాలి కదా. చూద్దామని వచ్చా."

చూడ్డానికేమీ లేదు. అక్కను బండిలో ఇంటి దగ్గర దింపాడు. తన గొంతు గురించి తనకు తెలియని సంగతి ఒకటి ఇన్నేళ్లుగా ఆమె దగ్గర ఉందని అతను ఆశ్చర్యపోతూనే ఉన్నాడు. రాత్రి అద్దం ముందు నిలబడి "ఈ రోజే ఆఖరు" అని మెల్లగా అని చూసుకున్నాడు. నిజమే. తియ్యగా ఉంది. "నాకు తెలీదు" అని చూశాడు. గరగరలాడింది.

కొన్నాళ్లకు జీపు మళ్లీ వచ్చింది. ఈసారి సగం పెట్టె. ఆ పూట అక్కకు దగ్గు ఎక్కువగా ఉంది.

నర్సమ్మ అతన్ని పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. "అన్నా, ఒక ఉపాయం. టీకాలు రాలేదు, ఎవరూ రావద్దు అని చెప్పి రా. చూడు, హాలు నిండిపోతుంది."

అతనికి నవ్వొచ్చింది, ఆ తర్వాత నోరూరింది. పని చేస్తుంది. కళ్లారా చూశాడు. ఒక్క అబద్ధానికి ఊరంతా పరిగెత్తుకొస్తుంది, అతని ప్రతాపం మళ్లీ నిలబడుతుంది. ఏళ్ల తరబడి మంచాలమ్మినవాడికి మంచి పని కోసం ఒక్క అబద్ధం ఎక్కువా?

బండిని సరాసరి అక్క ఉండే వీధి మలుపుకు తీసుకెళ్లి ఆపాడు. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "టీకాలు..." అనేసరికే గొంతు జారి మెత్తబడడం తనకే వినబడింది. తెరిచి ఉన్న ఇస్త్రీ గది కిటికీలో పెట్టె నడిచే చప్పుడు ఆగింది. ఊరంతా నమ్ముతుంది. ఆ ఒక్క కిటికీ నమ్మదు.

గొంతు సవరించుకున్నాడు. ఏం చెప్పాలో తెలియక, తెలిసినంతే చెప్పాడు.

"టీకాలు వచ్చాయి. సగం పెట్టె. ఎంతమందికి సరిపోతాయో తెలీదు. అయిపోతే మళ్లీ ఎప్పుడు పంపుతారో పంపేవాళ్లకే తెలీదు. పదిమంది అయ్యాక గాని సీసా తీయరు, కాబట్టి వస్తే కాస్త కూర్చోవాలి. నేను వేయించుకున్నా. ఒక రాత్రి జ్వరమొచ్చింది, రెండు రోజులు జబ్బ లాగింది. ఇప్పుడు బానే ఉన్నా. రేపటి సంగతి నాకు తెలీదు. రావాలనుకుంటే రండి."

ఎవరో మేడ మీద నుంచి "ఏంటి మైకూ, ఒంట్లో బాగోలేదా?" అని అరిచారు.

హాలు నిండలేదు. లెక్కల మాస్టారు వచ్చాడు, ఒక మూల కూర్చుని ఇంకా ఎంతమంది కావాలో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ. వెల్డింగాయన వచ్చాడు, పెళ్లాన్నీ తమ్ముణ్ణీ తెచ్చుకున్నాడు. కిరాణా కొట్టు ఆవిడ రాలేదు. ఒకరొకరుగా తొమ్మిదిమంది అయ్యారు. తొమ్మిది దగ్గరే చాలాసేపు ఆగిపోయింది. మాస్టారు లేవబోయాడు. నర్సమ్మ సీసాను చేతిలో పట్టుకుని గుమ్మం వైపే చూస్తోంది, అతనూ అటే చూస్తున్నాడు.

అక్క వచ్చింది. మెట్ల దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, లోపలికొచ్చి అతని ముందు నిలబడింది.

"ఒక్కటడుగుతా. ఇది అప్పుడే ఉండుంటే మీ బావ బతికేవాడా?"

అందరూ వింటున్నారు. బతికేవాడక్కా అంటే చాలు, ఆమె కూర్చుంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, తియ్యతియ్యగా.

"తెలీదక్కా," అన్నాడు. గొంతు గరగరలాడింది.

అక్క అతని మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత మాస్టారి పక్క కుర్చీలో కూర్చుని, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది. "తియ్యమ్మా సీసా. పదిమందిమయ్యాంగా."

సూది దిగేటప్పుడు ఆమె గోడ మీద పోస్టరు కేసి చూసింది. అరగంట కూర్చోవాలంది నర్సమ్మ. కూర్చుంది. దూది అదుముకుంటూ, తమ్ముణ్ణి మోచేత్తో పొడిచింది.

"ఒరేయ్, ఇప్పుడు ఆ గొంతుతోనే చెప్పు. ఆ మంచాల కొట్టు మూస్తారా, మూయరా?"

"వచ్చే నెల ఇంకో కొట్టు తెరుస్తున్నారక్కా."

"అనుకున్నా," అంది అక్క.