ఎస్టెల్ చెయ్యి ఊపింది

కరోనా వల్ల మిల్వాకీలో యూదుల ప్రార్థనామందిరానికి తాళం పడి ఏడు నెలలైంది. అప్పటినుంచీ అక్కడి మతగురువు రబ్బీ ద్వోరా భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇంట్లోంచే ప్రార్థన నడిపిస్తోంది. విశ్రాంతిదినాన యంత్రాలు ముట్టుకోకూడదు కనుక ఒక నియమం పెట్టింది: శుక్రవారం పొద్దు గుంకకముందే అందరూ తెర వెలిగించాలి, ప్రాణం మీదికొస్తే తప్ప శనివారం చీకటి పడేదాకా దాని జోలికి పోకూడదు. ఇరవైమంది ఒకేసారి పాడితే గొంతులు ఒకదాని మీద ఒకటి పడి గోలగా ఉంటోందని, శుక్రవారమే అందరి శబ్దమూ ఆపేసేది.

ఆ శుక్రవారం హైమన్ ప్లాట్‌కిన్ అందరికంటే ముందు తెర మీదికొచ్చాడు. ఎనభై ఆరేళ్ల దర్జీ. ఏప్రిల్‌లో భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు.

"రబ్బీ గారూ, రేపటి ప్రసంగం పొడుగా? చెబితే దిండు తెచ్చుకుంటా."

"దుప్పటి కూడా తెచ్చుకోండి" అంది ద్వోరా.

శనివారం పొద్దున హైమన్ అదే కుర్చీలో, గడ్డం ఛాతీకి ఆనించి కనిపించాడు. అన్నంత పనీ చేశాడని ఆమె నవ్వుకుంది. తెర మీద పక్క గడిలోంచి, మందిరానికి ఎప్పట్నుంచో వచ్చే ముసలావిడ ఎస్టెల్ చెయ్యి ఊపింది. ద్వోరా కూడా ఊపింది. ప్రసంగం జరుగుతున్నంతసేపూ ఎస్టెల్ ఊపుతూనే ఉంది. ఆవిడకి తోచక కాబోలనుకుని ద్వోరా పుస్తకంలోకి తల దించుకుంది.

చివర్లో, పోయినవాళ్ల కోసం చదివే కద్దిష్ వచ్చింది. భార్య కోసం ప్రతి వారమూ లేచి నిలబడే మనిషి లేవలేదు. ఒంటిమీద నిన్నటి చొక్కాయే. ద్వోరా చదవడం ఆపేసింది. ఫోన్ అందుకుంది.

అంబులెన్స్ వాళ్లు తలుపు పగలగొట్టి లోపలికి రావడం అందరూ తెర మీద చూశారు. చప్పుడు మాత్రం లేదు. ఒకతను మోకాళ్ల మీద కూర్చుని, కాసేపటికి లేచి, తల అడ్డంగా ఊపాడు.

చీకటి పడగానే ఎస్టెల్ ఫోన్ చేసింది.

"మీరు మొదటి కీర్తన పాడేటప్పుడు ఆయన చెయ్యి కదిలిందమ్మా. రెండుసార్లు."

"మరి అప్పుడే ఎవరికైనా ఫోన్ చెయ్యాల్సింది కదండీ. ప్రాణం మీదికొస్తే ముట్టుకోవచ్చని చెప్పాను కదా."

"ప్రాణం మీదికొచ్చిందో, కునుకు తీస్తున్నాడో నాకేం తెలుసు? మీకు తెలుస్తుందని చెయ్యి ఊపాను."



సోమవారం ఖననానికి ఆరుగురే వచ్చారు. తర్వాతి శుక్రవారం ఆమె ఎవరి శబ్దమూ ఆపలేదు. పాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. మధ్యలో ఎవరింట్లోనో కుక్క మొరిగింది. దగ్గు వినబడినప్పుడల్లా ద్వోరా ఆగి, ఎవరిదో అడిగి తెలుసుకుని, మళ్లీ మొదలుపెట్టింది. ఎస్టెల్ రాలేదు.