ఇరవై ఆరో చోటు

మార్చి చివరి వారంలో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడరు. మిగతా ఏడాదంతా మెంఫిస్ హెరన్స్ బేస్‌బాల్ జట్టు ఆటగాళ్లు నా భుజాల మీద చేతులేసి తిరుగుతారు, నా బట్టతల మీద తట్టి మరీ పలకరిస్తారు. ఫ్లోరిడా శిబిరం ముగింపుకొచ్చేసరికి మాత్రం నేను బట్టలు మార్చుకునే గదిలో అడుగుపెట్టగానే అందరికీ బూట్ల తాళ్లతో పని పడుతుంది. వాళ్ల తప్పేం లేదు. శిబిరానికి అరవైమంది దాకా వస్తారు. ఏప్రిల్లో అసలు ఆటలకు వెళ్లేది ఇరవై ఆరుగురు. తక్కినవాళ్లను మేనేజర్ తన గదిలోకి పిలిచి చెబుతాడు. పిలుచుకురావడం నా పని. కోచ్‌గా చేరిన ఏడే అది నా నెత్తిన పడింది. ఇంకెవరూ ఒప్పుకోలేదు మరి.

నేను చెప్పబోయే ఏడు, పిలవనక్కర్లేదని నేను సంతోషించిన మనిషి మైలో వుకోవిచ్.

మైలోది ఒహాయోలోని యంగ్స్‌టౌన్. ముప్పై నాలుగేళ్లవాడు, క్యాచర్, అంటే బ్యాటర్ నిలబడే ప్లేటు వెనక కూర్చుని పిచర్ విసిరే బంతుల్ని పట్టేవాడు. పద్దెనిమిదో ఏట బేస్‌బాల్‌లోకి వచ్చాడు. అప్పటినుంచీ కింది జట్లలోనే బస్సుల్లో తిరుగుతున్నాడు తప్ప పెద్ద జట్టు చొక్కా వేసుకుని ఒక్క ఆటా ఆడలేదు. బ్యాటు పట్టుకుంటే అంతంతమాత్రం. కానీ ప్లేటు వెనక గొంతుక్కూర్చుని గ్లవ్ చాపాడంటే పిచర్ల ప్రాణం కుదుటపడేది. ఎంత వంకర బంతినైనా తన తప్పే అన్నట్టు పట్టుకునేవాడు. ఆ వసంతంలో మా రెండో క్యాచర్‌కి భుజం శస్త్రచికిత్స జరిగింది. ఆ ఖాళీలోకి మైలో తప్ప ఇంకెవరూ లేరు.

ఆదివారం ఆట అయ్యాక మేనేజర్ గస్ హెండర్‌షాట్ అందరి ముందే మైలో చెయ్యి పట్టుకుని, "మెంఫిస్‌లో ఇల్లు చూసుకో. రెండో క్యాచర్‌వి నువ్వే" అన్నాడు. గదంతా ఈలలు. ఎవరో మైలో నెత్తిన ఐసునీళ్లు కుమ్మరించారు. తడిబట్టలతోనే బయటికెళ్లి భార్యకి ఫోను చేశాడు. ఇటువైపు మాటలే నాకు వినబడ్డాయి.

"కోరిన్... లేదు లేదు, దెబ్బేం తగల్లేదు... అయ్యో, ముందు నన్ను చెప్పనీ... ఆఁ. ఆఁ. నిజంగానే. ఏడుస్తున్నావా? బండి నడపాల్సినదానివి, కళ్లు తుడుచుకో."

ఆ రాత్రికి రాత్రే కోరిన్ వంటగిన్నెలతో సహా సామానంతా కారుకెక్కించి, తొమ్మిదేళ్ల కూతురు టెస్‌ని తీసుకుని ఫ్లోరిడాకి బయల్దేరింది. ఇక్కణ్ణుంచి అందరూ కలిసి మెంఫిస్ వెళ్లాలని.

మర్నాడు సోమవారం మధ్యాహ్నమే హెండర్‌షాట్ నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"పైవాళ్లు గ్రేడీ లాంక్‌ఫర్డ్‌ని తెచ్చారు, ఆర్లో. ఇద్దరు కుర్రపిచర్లనిచ్చి మార్పిడి చేసుకున్నారు. ఇప్పుడే చెప్పారు నాకు."

గ్రేడీ పడమటి జట్టొకదానిలో ఆడే క్యాచర్. వాడి బ్యాటుకి బంతి తగిలిందంటే స్టేడియం దాటిపోవాల్సిందే. ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది.

"మరి మైలోకి నిన్ననేగా చెప్పావు?"

"తెలుసు."

"అందరి ముందూ చెప్పావు."

"తెలుసని చెప్తున్నానా లేదా? గంట నుంచీ ఫోన్లో పైవాళ్లతో కొట్లాడుతూనే ఉన్నా. ముగ్గురు క్యాచర్లకి చోటు లేదన్నారు. వెళ్లి తీసుకురా. మాటిచ్చింది నేను, చెప్పాల్సిందీ నేనే."

మైలో వెనక మైదానంలో ఉన్నాడు. ఎదురుగా మట్టిదిబ్బ మీద ఎలియేసర్ కిన్యోనెస్ అనే కుర్ర పిచర్ బంతులు వేస్తున్నాడు. ఎలియేసర్‌ది డొమినికన్ దేశంలో ఆసువా. ఇరవై రెండేళ్లవాడు. బంతి వేగం చూసి, వాడి చేతిలో తుపాకి ఉందనేవాళ్లు. అయితే ఆ తుపాకి ఎటు పేలుతుందో వాడికే తెలిసేది కాదు. కిందటేడు వాడి బంతి ఒక బ్యాటర్ దవడ విరగ్గొట్టింది. అప్పటినుంచీ విసిరే ముందు వాడి చెయ్యి బిగుసుకుపోతోంది. మైలో పట్టుకుంటే మాత్రం బంతులు సూటిగా వచ్చేవి. అయినా వాడికున్న వేగం చూసి ఇరవై ఆరుగురిలో వాడి పేరు ముందే ఖాయం చేశారు.

"మోచెయ్యి కాదురా, ముందు నోరు వదులు చెయ్యి!" మైలో అరుస్తున్నాడు. "పళ్లు బిగించుకుని విసిరితే బంతి కూడా బిగుసుకుంటుంది."

"నీకు పళ్లున్నాయిగా తాతా, నువ్వు బిగించుకో," అన్నాడు ఎలియేసర్. మైలోని వాడు తాతా అనే పిలిచేవాడు.

"మీ అమ్మ నిన్ను కన్నది నన్నేడిపించడానికే. వెయ్యి, ఇంకోటి వెయ్యి."

కంచె దగ్గర నన్ను చూసి మైలో నవ్వబోయి ఆగాడు. సోమవారం, మార్చి చివర, నేను ఒంటరిగా నడిచొస్తున్నాను. ఇన్నేళ్లు శిబిరాల్లో గడిపినవాడికి ఇంక చెప్పేదేముంది? ముఖం మీది మాస్కు తీసేసి, "స్కిప్పర్ పిలుస్తున్నాడా?" అనడిగాడు. మేనేజర్‌ని అందరూ స్కిప్పరనే అంటారు. తలూపాను. "పద," అన్నాడు.

హెండర్‌షాట్ లేచి నిలబడి చెప్పాడు. మామూలుగా కూర్చునే చెబుతాడు. "నీకు మాటిచ్చి తప్పాను. పైవాళ్లు చేశారని చెప్పి తప్పించుకోను. వీలింగ్‌లో మన కింది జట్టుకి మొదటి క్యాచర్‌గా రమ్మంటున్నారు. వద్దంటే ఇప్పుడే వదిలేస్తాం, ఇంకెక్కడికైనా వెళ్లొచ్చు."

మైలో కాసేపు గ్లవ్ లోపలి తోలు రుద్దుతూ కూర్చున్నాడు. అరుస్తాడేమో, అరిస్తే బాగుండునని నాకనిపించింది.

"కోరిన్ ఈపాటికి జార్జియా దాటి ఉంటుంది," అన్నాడు చివరికి. "పిల్ల హెరన్స్ టోపీ కొనిపించుకుందట దారిలో."

"నేను మాట్లాడనా ఆమెతో?" అన్నాడు హెండర్‌షాట్.

"వద్దు స్కిప్పర్. మిమ్మల్ని కొడుతుంది."

ముగ్గురం నవ్వబోయాం, నవ్వు రాలేదు. లేస్తూ మైలో అన్నాడు: "వీలింగ్ సంగతి రేపు చెప్తా. రానేమో. మా మామగారికి ఇళ్ల పైకప్పులు వేసే వ్యాపారం ఉంది. నాలుగేళ్లుగా రమ్మంటున్నాడు."

సాయంత్రం కోరిన్ కారు వచ్చేసరికి మైలోతో పాటు నేనూ నిలబడి ఉన్నాను. ఉండమని వాడే అడిగాడు. కారు దిగుతూనే ఆమె మొగుడి ముఖం చూసింది, తర్వాత పక్కనున్న నన్ను చూసింది.

"ఈయన ఎందుకున్నాడు ఇక్కడ?" అంది. మైలో చెప్పాడు. ఆమె కారు బానెట్‌కి ఆనుకుని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాను. చేతులు తీశాక చూస్తే నవ్వుతోంది, కళ్లు మాత్రం కారుతున్నాయి.

"పక్కింటావిడకి మొక్కలిచ్చేశాను మైలో. అన్నీ. ఆ మొండి నిమ్మచెట్టుతో సహా."

"మళ్లీ అడుగుదాం."

"ఇవ్వదు. ఆవిడ గురించి నీకు తెలీదు." తర్వాత నావైపు తిరిగింది. "మీవాళ్లకి సిగ్గుందా ఆర్లో? ఒక్కరోజు ఆగి చెప్పలేకపోయారా? ఒక్కరోజు!"

టెస్ టోపీ తీసి కారు సీటు మీద పెట్టింది. ఎవరూ తియ్యమనలేదు. అది చూశాక నేనక్కడ నిలబడలేకపోయాను.

మంగళవారం శిబిరంలో ఆఖరి ఆట. గ్రేడీ పొద్దున విమానంలో దిగి, మధ్యాహ్నానికి ప్లేటు వెనక కూర్చున్నాడు. మంచివాడే పాపం, ఎవరి పేర్లూ తెలియక అందర్నీ "మిత్రమా" అంటున్నాడు. ఎలియేసర్ మూడో ఇన్నింగ్స్‌లో దిబ్బ ఎక్కాడు. మొదటి బంతి నేలని కొట్టింది. రెండోది గ్రేడీ తల మీదుగా వెనక వలకి తగిలింది. బంతులు అడ్డదిడ్డంగా పోవడంతో వరసగా ముగ్గురు బ్యాటర్లు బ్యాటు ఊపకుండానే ఊరికే బేస్‌కి నడిచిపోయారు. నాలుగోవాడి వీపుకి బంతి తగిలింది. ఆ చప్పుడుకి ఎలియేసర్ దిబ్బ మీదే ముడుచుకు కూర్చున్నాడు. హెండర్‌షాట్ వెళ్లి వాణ్ణి పట్టుకుని దించుకొచ్చాడు.

ఆట అయ్యాక తలుపు తట్టి లోపలికొచ్చింది ఎలియేసరే. మేము పిలవలేదు.

"స్కిప్పర్, నన్ను కిందికి పంపండి. వీలింగ్."

హెండర్‌షాట్ నన్ను చూశాడు. ఈ గదిలో ఏడ్చినవాళ్లున్నారు, కుర్చీలు తన్నినవాళ్లున్నారు. కిందికి పంపమని అడిగినవాణ్ణి మేమిద్దరం ఎప్పుడూ చూడలేదు.

"ఒక్క చెడ్డరోజుకేనా? ఆలోచించుకున్నావా? అక్కడి బతుక్కీ ఇక్కడి బతుక్కీ ఎంత తేడానో తెలుసా? మీ అమ్మకి ఇల్లు కట్టిస్తానన్నావు."

"తాతని వీలింగ్ పంపుతున్నారని తెలిసి, రాత్రే అమ్మకి చెప్పాను. ఇల్లు ఎక్కడికీ పోదంది. ఇక్కడుంటే ఇంకొకడి ముఖం పగలగొడతాను స్కిప్పర్. నిద్రలో కూడా ఆ దవడ చప్పుడే వినిపిస్తోంది. తాత దగ్గర వినిపించదు. అక్కడ బాగుచేసుకుని వస్తాను. రాకపోతే నా ఖర్మ."

వాడి చోటు ఇంకో పిచర్‌కే పోతుంది, దానితో మైలోకి ఒరిగేదేం లేదని వాడికీ తెలుసు. "సరే," అన్నాడు హెండర్‌షాట్. "కానీ వుకోవిచ్ అక్కడికి వస్తాడో లేదో నాకు తెలీదు. ఆడటం మానేస్తానంటున్నాడు."

ఎలియేసర్ ఒక్క పరుగున బయటికి పోయాడు. నేనూ వెనకే వెళ్లాను.

మైలో తన సంచులు కారులో సర్దుతున్నాడు. కోరిన్ ముందు సీట్లో ఉంది. సంగతి వినగానే మైలో చేతిలోని సంచి నేలకేసి కొట్టాడు. నిన్న రాని కోపం అప్పుడొచ్చింది.

"గాడిదా! నీకు మతి ఉందా? జీవితమంతా నేను ఏ తలుపు ముందు పడిగాపులు పడ్డానో, అది నీకు తెరిచి పెడితే కాలితో తన్నొస్తావా? ఎవడడిగాడు నిన్ను? నా మీద జాలా?"

"జాలి నీ మీద కాదు, నా మీద!" వాడూ అరిచాడు. "నువ్వు ఊరికెళ్లి కప్పులేసుకో తాతా. నేనేం నీకోసం దిగలేదు. నాకు చెయ్యి బాగుపడాలి, అంతే. నువ్వు లేకపోతే ఇంకొకణ్ణి వెతుక్కుంటా."

"వెతుక్కో! ఎవడు దొరుకుతాడు నీకు?"

"దొరకడు! అందుకేగా ఏడుస్తున్నా!"

ఇద్దరూ రొప్పుతూ నిలబడ్డారు. కోరిన్ కారు దిగింది. ఆమె ఎలియేసర్‌ని అదే మొదటిసారి చూడటం.

"దవడ విరగ్గొట్టింది నువ్వేనా?" అనడిగింది మెల్లగా.

వాడు తలదించుకున్నాడు.

"ఆ అబ్బాయి ఇప్పుడెలా ఉన్నాడు?"

"ఆడుతున్నాడమ్మా. నాకు ఫోను చేసి, పర్లేదు అన్నాడు. నాకే... పర్లేదనిపించట్లేదు."

ఆమె మైలో వైపు తిరిగి, "మా నాన్న కప్పులు వచ్చే ఏడూ ఉంటాయి," అంది. "ఒక్క వేసవి. తర్వాత నన్ను ఇంకేం అడక్కు. వీలింగ్ ఇంటికి గంటన్నర దూరం, నా నిమ్మచెట్టు కూడా తెచ్చుకోవచ్చు."

మైలో నేలకేసి కొట్టిన సంచి తీసి దుమ్ము దులిపాడు. "రేపు ఉదయం ఎనిమిదికి బస్సు," అన్నాడు ఎలియేసర్‌తో. "ఆలస్యంగా వచ్చావో, చెవులు మెలేస్తా."

ఆ వేసవి వీలింగ్ ఆటలు వీలైనప్పుడల్లా ఫోన్లో చూసేవాణ్ణి. ఏప్రిల్ దారుణం. మే కాస్త నయం. జూన్‌లో ఒకరోజు వరసగా మూడు ఇన్నింగ్స్ ఎలియేసర్ ఎవరినీ ఊరికే నడవనివ్వలేదు. జూలైలో వాణ్ణి పైకి పిలిచాం. ఆ కబురు వీలింగ్ మేనేజర్ మైలోతోనే చెప్పించాడట. ఇద్దరూ పార్కింగ్‌లో చిన్నపిల్లల్లా కుస్తీ పట్టారని తర్వాత విన్నాను.

ఎలియేసర్ మెంఫిస్‌లో అడుగుపెట్టడానికి ముందురోజు గ్రేడీ నా దగ్గరికొచ్చి వుకోవిచ్ నంబరు అడిగాడు. చోటు పోగొట్టుకున్నవాడికి చోటు తీసుకున్నవాడు ఫోను చేస్తే ఎలా ఉంటుందోనని నేను నసిగాను. "అడిగి చూస్తా మిత్రమా, తిడితే తిడతాడు," అన్నాడు గ్రేడీ. ఇద్దరూ గంటకు పైగా మాట్లాడుకున్నారు. గ్లవ్ ఎక్కడ పెట్టాలి, చెయ్యి బిగుసుకుంటే దిబ్బ మీదికెళ్లి ఏ చెత్త కబుర్లు చెప్పాలి, అన్నీ దాచుకోకుండా చెప్పాడట మైలో. ఆ వారం ఎలియేసర్ రెండు ఆటలు ఆడి, రెండూ నిలబెట్టాడు.

సెప్టెంబర్లో జట్టుకి ఇంకో ఇద్దర్ని కలుపుకోవచ్చు. హెండర్‌షాట్ మైలో పేరు చెప్పాడు, గట్టిగానే చెప్పాడు. పైవాళ్లు ఇరవై మూడేళ్ల కుర్ర క్యాచర్‌ని పంపారు. మైలో ఆ నెలలోనే గ్లవ్ పక్కన పెట్టేశాడు.

డిసెంబర్లో యంగ్స్‌టౌన్ మీదుగా వెళ్తూ వాళ్లింట్లో భోంచేశాను. మైలో ఊళ్లో కాలేజీ జట్టుకి క్యాచింగ్ నేర్పుతున్నాడు. వారంలో మూడురోజులు మామగారి దగ్గర కప్పులెక్కుతున్నాడు. ఎలియేసర్ ఆదివారమల్లా ఫోను చేసి గంటసేపు బుర్ర తింటాడని కోరిన్ చెప్పింది. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండింది, నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. భోజనమయ్యాక ఆమె లోపలికెళ్లినప్పుడు అడగకూడనిది అడిగాను. పెద్ద జట్టులో ఒక్క ఆటా ఆడలేదని బాధగా ఉందా అని.

మైలో పళ్లెం పక్కకి జరిపాడు.

"ఉంది," అన్నాడు. "రోజూ కాదు. ఏప్రిల్ వచ్చాక అడుగు, అప్పుడు కాస్త ఎక్కువుంటుంది."