తలుపు తీయకమ్మా

బస్టాండులో ముప్పై ఏళ్లు మైకులో బస్సుల రాకపోకలు చెప్పి రిటైరైన పెద్దమ్మకి ఒక బొమ్మల సినిమాలో పని దొరికింది. తెర మీద కనిపించక్కర్లేదు. జరిగిందీ, జరగబోయేదీ, ఎవరి మనసులో ఏముందో అన్నీ తెలిసి కథ చెప్పే గొంతు అది. డైరెక్టరు ఆవిడ చెల్లెలి కొడుకే.

రెండు రోజులు బాగానే సాగింది. మూడో రోజు గుహ సీను. రాకుమారి తలుపు మీద చెయ్యి వేసింది. పెద్దమ్మ కాగితం చూసి చదివింది: "వెనకాల మూడు తలల పాము కాచుకుని ఉందని పాపం ఆమెకు తెలియదు."

అక్కడితో ఆగాలి. ఆగలేదు. "తీయకమ్మా తల్లీ, లోపల పాముంది!" అని గావుకేక పెట్టింది. అద్దం అవతల సౌండు ఇంజనీరు హెడ్‌ఫోన్సు పీకి పారేశాడు.

"పెద్దమ్మా, అది కాగితంలో లేదు."

"లేకపోతే? అన్నీ తెలిసీ బెల్లం కొట్టిన రాయిలా ఉండమంటావా? బస్సు రద్దయిందని తెలిసి ఒక్కరోజైనా చెప్పకుండా ఉన్నానా?"

"నువ్వు చెప్పేది చూసేవాళ్లకి. ఆ పిల్లకి వినపడదు."

"నా గొంతు వినపడలేదన్నవాళ్లు ఇంకా పుట్టలేదు!"

ఏడుసార్లు తీశారు. ఏడోసారి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని మరీ "తీయకే" అని గొణిగింది. తర్వాత కత్తిరించుకుందాంలే అనుకున్నాడు డైరెక్టరు.

ఎడిటరు మాత్రం పొరపాటున ఆ కేక ఉన్న కాపీనే పిల్లల ట్రయల్ షోకి పంపేశాడు. కేక వినగానే పిల్లలంతా కుర్చీలెక్కి "తీయకు, తీయకు!" అని అరిచారు. రాకుమారి శుభ్రంగా తలుపు తీసేసింది.

"అంకుల్, ఆ అక్కకి చెవుడా?" అని ఒక పాప ఏడుపు మొహంతో అడిగింది.

డైరెక్టరు నెలరోజులు బొమ్మలు మళ్లీ గీయించి పెద్దమ్మని పిలిచాడు. ఈసారి ఆవిడ కేక వేయగానే రాకుమారి ఆగింది. తలెత్తి పైకి చూసింది.

"పాము సంగతి నాకూ తెలుసండీ. లోపల మా తమ్ముడున్నాడు."

పెద్దమ్మ కాగితం తిరగేసింది. తన మాటలు అయిపోయాయి. తమ్ముడి సంగతి ఎవరూ ఆవిడకి చెప్పలేదు. డైరెక్టరు ఆపమని చెయ్యెత్తేలోగా మైకుకి దగ్గరగా జరిగింది.

"అయితే వెళ్లమ్మా. మధ్య తలతో జాగ్రత్త. పక్కవి రెండూ నిద్రపోతున్నాయి."

డైరెక్టరు తల పట్టుకున్నాడు. మర్నాడు ఆ మాటే బాగుందని ఒప్పుకున్నాడు. రెండు తలలు గుర్రు పెట్టేలా గీయడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది.