మట్టి తినని బొమ్మ

సాయంత్రం పని దిగి వచ్చిన పూతపనివాడు తిన్నగా ఇంట్లో అడుగుపెట్టిన రోజు లేదు. ఇనుప సామానుకు మెరిసే క్రోమియం పూత వేసే కార్ఖానాలో అతని ఉద్యోగం. పెరటి కుళాయి దగ్గర బూట్లు, రబ్బరు ఏప్రను శుభ్రంగా కడిగాకే గడప దాటేవాడు. "మగాడంటే అలా ఉండాలి" అని ఇరుగుపొరుగు ఆడవాళ్లు తమ మొగుళ్లను దెప్పేవారు. ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు. అవి భార్య పెంచుకునే టమాటా మడిలోకి పోయేవి. వృథా కాకూడదని పదకొండేళ్ల కిందట కాలువ తీసింది అతనే.

ఈ ఏడు మొక్కలు మోకాలెత్తు లేవకుండానే పాలిపోయాయి. ఎరువు చాలలేదనుకుని, మడి పక్కనే ఉన్న ఆకుల గొయ్యి తవ్వారు. నిరుడు పూడ్చిన ఆకులు పూడ్చినట్టే బయటికొచ్చాయి. వాటి కింద ఒక గుడ్డబొమ్మ.

"నాన్నా, నా బొమ్మ!" ఆరేళ్ల కూతురు గంతులేసింది. నిరుడు ఆటలో తనే దాన్ని అక్కడ పాతిపెట్టింది. "చూడు, గౌను కూడా చిరగలేదు!"

అతను నవ్వాడు. భార్య నవ్వలేదు.

"నూలుగుడ్డండీ. ఏడాదికి పోగు కూడా మిగలకూడదు. ఇంత తవ్వాం, ఒక్క వానపామైనా కనబడిందా మీకు?"

"పురుగూ పుట్రా లేకపోతే మంచిదేగా!"

ఆమె వినలేదు. డబ్బాలో మట్టి పోసుకుని, సణుగుతున్న మొగుణ్ణి వెంటబెట్టుకుని మట్టి పరీక్షలు చేసేచోట ఇచ్చి వచ్చింది. పది రోజులకు కబురొస్తే ఇద్దరూ వెళ్లారు. అక్కడి తల నెరిసిన అధికారిణి ముందుగా అతని పనేమిటో అడిగింది.

"చెంచాడు మంచి మట్టిలో కంటికి కనబడని జీవాలు కోట్లలో ఉంటాయి బాబూ. ఆకును కుళ్లబెట్టేదీ, మొక్కకు తిండి అందించేదీ అవే. మీ మట్టిలో పూతపనిలో వాడే క్రోమియం, నికెల్ లోహాలు పేరుకుపోయి చాలామటుకు చచ్చాయి. మిగిలినవి పని మానేశాయి."

"బండెడు ఎరువు తోలిస్తే కోలుకోదా అమ్మా?"

"ఎరువును అరిగించే కడుపే పోయింది. లోహం కుళ్లదు, ఆవిరైపోదు. ఆ మడిలో కాయలు ఎవరు తిన్నారు?"

భార్యే చెప్పింది, "మా పాపండీ. పచ్చివే తెంపుకుని తింటుంది."

"ముందు పాపకు రక్తపరీక్ష చేయించండి."

మర్నాడు కార్ఖానాలో పూత తొట్లు కడిగే రోజు. వాటి నీళ్లు గోడ వెనక కాలువలోకి, అక్కణ్ణించి ఊరి పొలాల్లోకి పోతాయి. పదకొండేళ్లుగా ఆ నీళ్లు వదిలే మర తిప్పింది అతని చెయ్యే. ఆ రోజు తిప్పలేదు. బొమ్మను తెచ్చి మేనేజరు బల్ల మీద పెట్టాడు.

"ఏంటయ్యా ఇది, పొద్దున్నే బొమ్మలాట?"

"మా పాపది సార్. ఏడాది మట్టిలో ఉంది, చెక్కు చెదరలేదు. పాప రక్తపరీక్ష ఫలితం ఇంకా రాలేదు." అతను బొమ్మను మేనేజరు ముందుకు జరిపాడు. "నా ఇంటికి మురికి అంటకూడదని రోజూ గడప బయటే కడుక్కున్నాను సార్. గడప బయట పారబోసిన విషం మట్టిని చంపి, తిరిగి మన పిల్లల కంచంలోకే వస్తుంది."