రంగు తేడా

అల్లాబక్ష్ నిచ్చెన దిగి, గోడకు బిగించిన వైఫై డబ్బాలో లైట్లు నాలుగూ వెలిగేదాకా చూసి, చొక్కా కొసతో ఫోను తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్ళు కేబుల్ తీగలు లాగిన చేతులు, కాయలు కాసిపోయాయి. ప్రొద్దుటూరైనా జమ్మలమడుగైనా, డబ్బా పెట్టిన ప్రతి ఇంట్లో అతని పరీక్ష ఒకటే: కువైట్‌లో ఇంటిపని చేసే భార్య మాబున్నికి వీడియో కాల్. గదిగదికీ తిరిగి, ఆమె మొహం ముక్కలు కాకుండా నిలిస్తే లైను బాగున్నట్టు. పనికి పనీ అయ్యేది, పెళ్ళాం మొహమూ కనబడేది. కంపెనీవాళ్ళకు మాత్రం చెప్పకండి.

ఈ నెలలో చాపాడులో ఒక డబ్బా, పులివెందులలో ఒక డబ్బా విప్పి ఇంటికి తెచ్చేశాడు. ఆ రెండిళ్ళలోనూ ఆమె కళ్ళు పసుపు పూసినట్టు కనబడ్డాయి. వైఫైకి రంగులు మార్చడం చేతకాదని అతనికి తెలియక కాదు. డబ్బాను తిట్టుకోవడం తేలిక, అంతే.

ఈరోజు టీచరమ్మ ప్రసన్నకుమారి ఇల్లు. కిటికీ దగ్గర ఫోనులో బొమ్మ ఎన్నడూ లేనంత తేటగా నిలిచింది. మాబున్ని వెనక వంటింటి గోడ తెల్లగా ఉంది. చేతి గాజులు ఎర్రగానే ఉన్నాయి. కళ్ళే పసుపు.

"ఎన్నాళ్ళ నుంచి మాబూ?"

"ఏంది?"

"కండ్లు."

ఆమె కొంగు సర్దుకుంది. "లైనుదేలే అని నువ్వే అంటివి. నేనూ ఊఁ అంటి. చెప్తే ఆడ్నించి ఏం జేస్తావయ్యా?"

"ఈ పొద్దే ఆసుపత్రికి పో."

"ఇంటి నిండా చుట్టాలుండారు, మేడమ్ పంపీదు. వాళ్ళు పోనీ, పోతా."

కాల్ ఆగిపోయింది. ప్రసన్నకుమారి కాఫీ తెచ్చింది. "లైను బాగుందా అప్పా?"

"శానా బాగుంది మేడమ్," అన్నాడు. కళ్ళనీళ్ళు దాచుకోలేకపోయాడు పాపం.

అటునుంచి అటే, ఆమెను కువైట్ పంపిన ఏజెంటు షాకీర్ ఇంటికి పోయి పొద్దుగూకేదాకా గడపలో కూర్చున్నాడు. "మాట్లాడతాలే మామా," అన్నాడు షాకీర్. మాట్లాడాడో లేదో ఆ అల్లాకే ఎరుక.

తొమ్మిదో రోజు మాబున్ని నంబరు నుంచే కాల్ వచ్చింది. తెర మీద మొహం లేదు. ఎవరో తెలుగావిడ గొంతు, మాబున్ని ఆసుపత్రిలో పోయిందనీ, అక్కడే మట్టి చేశారనీ చెప్పింది.

అల్లాబక్ష్ గూట్లోంచి ఆ రెండు డబ్బాలూ దించి, ఒకదాని తర్వాత ఒకటి ప్లగ్గులో పెట్టాడు. రెండూ నిక్షేపంగా వెలిగాయి. వాటి మీద అంటించిన కాగితాల్లో అతని చేతిరాత అలాగే ఉంది: "బొమ్మ రంగు తేడా."